కాపలావాణ్ణి పంపించెయ్యకండి!

మొన్న శుక్రవారం సాయంత్రం మా వీధి చివర స్టీలు సామాన్ల కొట్టు వదినగారు పేరంటానికి పిలిస్తే వెళ్ళాను. కింద కొట్టు, మీద ఇల్లు. కాళ్ళకి పసుపు రాసి, శనగలు చేతిలో పెడుతూనే ఆవిడ మొదలుపెట్టారు.

"మా కోడలు పిల్లకి చదువుంది గానీ నిదానం లేదు వదినగారూ! లెక్కల కంప్యూటర్లో ఏదో నొక్కి పారేసింది. రెండు రోజులు పని ఆగిపోయింది. ఆఖరికి మెకానిక్కు వచ్చి ఐదొందలు పుచ్చుకుని బాగుచేశాడు."

కోడలు వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. తిరిగి ఒక్క మాట అనలేదు. బి.కాం. చదివిన పిల్ల. పెళ్ళయి వచ్చిన దగ్గర్నించీ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక కొట్టు లెక్కలన్నీ తనే రాస్తోంది. కింద కొట్లో బిల్లులు కొట్టే కంప్యూటరు ఒకటి, మీద గదిలో ఈ అమ్మాయి లెక్కలు చూసుకునే కంప్యూటరు ఒకటి. రెండూ ఒకే వైఫై మీద నడుస్తాయి. కింద కొట్టిన బిల్లు మీద కనిపిస్తుంది, మీద దిద్దిన లెక్క కింద కనిపిస్తుంది. అసలు పుస్తకం అంతా కింది కంప్యూటర్లోనే ఉంటుంది.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకుందామనుకున్నాను. కానీ వచ్చేసేటప్పుడు ఆ అమ్మాయి మెట్ల దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది. "పిన్నిగారూ, పని జరుగుతోంది గానీ నాకేదో అనుమానంగా ఉంది. మెకానిక్కు వచ్చి వెళ్ళిన దగ్గర్నించీ కింది కంప్యూటరు మూల చిన్న డాలు బొమ్మ మీద ఎర్రగుర్తు కనిపిస్తోంది. ఒక్కసారి చూస్తారా?"

చూశాను. అనుమానపడడం ఎంత మంచిదయిందో! మెకానిక్కు చేసిన బాగు ఏమిటంటే, ఆ కంప్యూటరు ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి వెళ్ళిపోయాడు. ఎలకల బాధకి ఇల్లు తగలబెట్టుకున్నట్టన్నమాట.

మనలో చాలామంది ఇళ్ళల్లో ఇప్పుడు ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. కొట్టు లెక్కలు కావచ్చు, పచ్చళ్ళ ఆర్డర్లు కావచ్చు, పిల్లలిద్దరూ రెండు కంప్యూటర్ల మీద ఆడుకునే ఆటలు కావచ్చు, ఇంటిల్లిపాదికీ ఒకే ప్రింటరు కావచ్చు. అంచేత ఈ సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఇంతకీ ఏమిటీ ఫైర్‌వాల్?

వేసవిలో తాటాకిళ్ళ వరసలో ఒక్క ఇల్లు అంటుకుంటే వీధి వీధంతా బుగ్గి అయిపోయేది, మన పెద్దవాళ్ళు చెప్తూంటారు. అలా నిప్పు పక్కింటికి పాకకుండా మధ్యలో కట్టే గోడకి ఇంగ్లీషులో ఫైర్‌వాల్ అని పేరు. ఆ పేరే కంప్యూటర్లకీ వచ్చింది.

కానీ ఇది వట్టి గోడ కాదండీ. అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. మీరు బయటికి వెళ్తూంటే ఆపడు. మీరు తెప్పించుకున్న సామాను వస్తే లోపలికి పంపిస్తాడు. ఎవరూ పిలవకుండా వచ్చినవాణ్ణి మాత్రం గేటు దగ్గరే నిలబెడతాడు. వాడి పేరు తన దగ్గరున్న చీటీలో ఉంటేనే వదులుతాడు. విండోస్ కంప్యూటర్లో ఫైర్‌వాల్ మామూలుగా చేసేది ఇదే. మీరు పేపరు చదివినా, సినిమా చూసినా, అడిగింది మీరే కనక అడ్డు ఉండదు. బయటి కంప్యూటరు తనంతట తాను వచ్చి మీ కంప్యూటరు తలుపు తడితేనే ప్రశ్న వస్తుంది.

ఇప్పుడు మన వదినగారింటి సంగతికి రండి. మీద గదిలో అమ్మాయి లెక్కల ప్రోగ్రాం తెరిస్తే, అది కింది కంప్యూటరు తలుపు తడుతుంది. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళే. ఆ సంగతి కింది వాచ్‌మన్‌కి ఎలా తెలుస్తుంది? చీటీలో పేరుండాలి.

అసలు తప్పు ఎక్కడ జరిగింది?

కొట్లో అందర్నీ కూర్చోబెట్టి అడిగితే కథ బయటపడింది. 16వ తేదీ రాత్రి కొడుకు కింది కంప్యూటర్లో లెక్కల ప్రోగ్రాం కొత్తది వేశాడు. పాతదాన్ని తీసేసి, కొత్తదాన్ని వేరే ఫోల్డర్లో పెట్టాడు. ఫైర్‌వాల్ చీటీలో ఉండేది వట్టి పేరు కాదు, ఆ ప్రోగ్రాం ఏ ఫోల్డర్లో కాపురం ఉంటోందో ఆ చిరునామాతో సహా ఉంటుంది. ఇల్లు మారితే పాత చిరునామా చెల్లదు కదా! అందుకని మర్నాడు పొద్దున్న కొట్టు తెరిచి ప్రోగ్రాం పెట్టగానే, "దీన్ని లోపలికి రానివ్వమంటారా?" అని తెరమీద ఒక పెట్టె వచ్చింది.

అప్పుడు కౌంటర్లో ఉన్నది గుమాస్తా కుర్రాడు. ఎదురుగా ఇడ్లీపాత్ర కొన్న ఆవిడ బస్సుకి వేళైపోతోందని తొందరపెడుతోంది. కుర్రాడు ఆ పెట్టె ఏమిటో చదవకుండా 'క్యాన్సిల్' నొక్కేశాడు. పెట్టె పోయింది, బిల్లు వచ్చింది. కొట్లో అంతా సవ్యంగానే ఉంది, ఎందుకంటే పుస్తకం ఆ కంప్యూటర్లోనే ఉంది కనక. మీద గదిలో మాత్రం 'సర్వరు దొరకలేదు' అని వచ్చింది. కింద బాగానే ఉంది, మీదే పాడైంది, మీద కూర్చునేది కోడలు. ఇంకేముంది, నింద ఎవరిమీద పడాలో వాళ్ళమీదే పడింది!

ఈ ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. తప్పు కనిపించేది ఒక కంప్యూటర్లో, అడ్డు ఉండేది ఇంకో కంప్యూటర్లో. ఎవరి తలుపు తడుతున్నామో ఆ కంప్యూటర్లో వెతకాలి. ఆ అమ్మాయి తన కంప్యూటర్ని రెండు రోజులపాటు మూసి తెరిచి, తెరిచి మూసి విసిగిపోయిందంటే దొరక్కపోవడం తన తప్పు కాదు. అక్కడ లేనిది ఎక్కడ దొరుకుతుంది?

రెండో సంగతి. 'క్యాన్సిల్' అంటే "ఇప్పుడొద్దు, తరవాత చూద్దాం" అని మనం అనుకుంటాం. విండోస్ అలా అనుకోదు. "వీణ్ణి రానివ్వొద్దు" అని రాసి పెట్టుకుంటుంది. మళ్ళీ అడగదు. కంప్యూటరు ఎన్నిసార్లు మూసి తెరిచినా ఆ రాత చెరగదు. కంప్యూటర్లో అడ్మినిస్ట్రేటర్ హోదా లేకుండా పనిచేసే వాళ్ళకయితే ఒక్కోసారి ఆ పెట్టె కనిపించను కూడా కనిపించదు. నిషేధం మాత్రం పడిపోతుంది.

ఇంటి ఇల్లాలు తెలియని దానికి 'సరే' అనకపోవడం మంచి అలవాటే. ఆ కుర్రాణ్ణి కూడా నేను తప్పుపట్టను. కాకపోతే క్యాన్సిల్ నొక్కాక "ఇలా వచ్చింది, ఇలా నొక్కాను" అని ఒక్క మాట చెప్పి ఉంటే రెండు రోజులు కలిసొచ్చేవి. 20వ తేదీలోగా జీఎస్టీ రిటర్ను వెయ్యాలాయె. పన్ను కట్టేవాళ్ళకి గడువు దాటితే రోజుకి 50 రూపాయల చొప్పున రుసుము, ఆపైన వడ్డీ. అందుకే ఇంట్లో అంత గాభరా.

గోడ ఎందుకు తియ్యకూడదు?

"మెకానిక్కు తీసేశాడు, పని జరుగుతోంది కదా, ఉండనిద్దురూ" అన్నారు అన్నయ్యగారు. ఆయనకి చెప్పిందే మీకూ చెప్తాను.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉండేది గానీ, దాన్ని మనం వేసుకుంటేనే పనిచేసేది. చాలామంది వెయ్యలేదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు వచ్చింది. ఎవరూ ఏ ఉత్తరమూ తెరవక్కర్లేదు, ఏ మీటా నొక్కక్కర్లేదు. ఇంటర్నెట్‌కి తగిలించి ఉన్న కంప్యూటరు తలుపు తెరిచి ఉంటే చాలు, దానంతట అదే లోపలికి దూరింది. కంప్యూటర్లు వాటంతట అవే ఆగి, మళ్ళీ మొదలై, ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. ఆ మరుసటి ఏడు, 2004 ఆగస్టులో ఎక్స్‌పీకి రెండో సర్వీస్ ప్యాక్ ఇచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఫైర్‌వాల్‌ని తామే వేసి పంపించారు. అప్పట్నించీ విండోస్‌తో పాటు అది వేసే వస్తోంది.

2017 మేలో వన్నాక్రై వచ్చింది. కంప్యూటర్లో ఉన్న కాగితాలన్నిటికీ తాళం వేసేసి, డబ్బిస్తే తీస్తానని బెదిరించే రకం. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగుల్ని తిప్పి పంపాల్సి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని అప్పట్లో పేపర్లలో చదివాం. ఒక కంప్యూటర్లో దూరాక, తలుపు తీసి ఉన్న పక్క కంప్యూటర్లన్నిటికీ అదే పాకింది. దాని మందు 2017 మార్చిలోనే వచ్చింది. అప్‌డేట్ వేసుకున్నవాళ్ళు బతికిపోయారు, వేసుకోనివాళ్ళు ఇరుక్కున్నారు.

"మన కొట్లో దొంగిలించడానికి ఏముందండీ?" అన్నారాయన. మూడేళ్ళ అప్పుల పద్దులు, ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో ఆ జాబితా, జీఎస్టీ లెక్కలు అన్నీ ఆ కింది కంప్యూటర్లోనే కదా! ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఫైర్‌వాల్ ఉంటే ఇంక ఏ భయమూ లేదని కాదు. మనమే తెలియని లింకు నొక్కి దొంగని లోపలికి పిలుచుకుంటే వాచ్‌మన్ ఏం చేస్తాడు? కానీ తాళం ఉన్నా దొంగలు పడుతున్నారని ఇల్లు బార్లా తెరిచి పెట్టుకోం కదా.

ఇలా చెయ్యండి

మేమేం చేశామో వరసగా చెప్తాను. రాసి పెట్టుకోండి. ఇదంతా చెయ్యాల్సింది పుస్తకం ఉన్న కంప్యూటర్లో, అంటే వదినగారింట్లో అయితే కింద కొట్లో.

మొదటిది. ముందు గోడ మళ్ళీ వేసుకోండి. స్టార్ట్ నొక్కి 'విండోస్ సెక్యూరిటీ' అని వెతికి తెరిస్తే అందులో 'ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్' ఉంటుంది. డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు వరసలుంటాయి. మూడింటి దగ్గరా ఫైర్‌వాల్ 'ఆన్' అని ఉండాలి.

రెండోది. అక్కడే కింద 'అలౌ యాన్ యాప్ త్రూ ఫైర్‌వాల్' అనే వరస ఉంటుంది. అది నొక్కితే ప్రోగ్రాముల జాబితా వస్తుంది. ఇదే వాచ్‌మన్ చీటీ.

మూడోది. పైనున్న 'చేంజ్ సెట్టింగ్స్' నొక్కండి. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. ఇది నొక్కకపోతే జాబితా బూడిదరంగులో ఉండి, టిక్కు పడదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

నాలుగోది. మీ ప్రోగ్రాం పేరు వెతకండి. దాని ఎదురుగా ఉన్న రెండు గళ్ళలో 'ప్రైవేట్' అన్న గడిలో మాత్రమే టిక్కు పెట్టి, ఓకే అనండి. జాబితాలో పేరే లేకపోతే 'అలౌ అనదర్ యాప్' నొక్కి, ప్రోగ్రాం ఉన్న ఫోల్డరు చూపించి చేర్చండి.

ఐదోది. ప్రోగ్రాం మూసి మళ్ళీ తెరవండి. తరవాత మీద కంప్యూటర్లో ప్రయత్నించండి.

'పబ్లిక్' గడిలో ఎందుకు పెట్టొద్దంటున్నానంటే, ప్రైవేట్ అంటే మన ఇల్లు, పబ్లిక్ అంటే రైల్వేస్టేషను, హోటలు లాంటి చోట్ల వైఫై. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఊరెళ్ళినప్పుడు, స్టేషన్లో పక్క బెంచీ మీద కూర్చున్నవాడికి మన లెక్కల పుస్తకంతో పనేముంది?

అప్పటికీ కుదరకపోతే

వదినగారింట్లో మొదటిసారి కుదర్లేదండీ! అందరి మొహాలూ వాడిపోయాయి. అప్పుడు ఇంకో సంగతి చూశాం. స్టార్ట్‌లో 'సెట్టింగ్స్', అందులో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్', అందులో వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే, వాళ్ళ ఇంటి వైఫైని ఆ కంప్యూటరు 'పబ్లిక్' అని రాసుకుని ఉంది. కొత్త వైఫై దేన్నయినా విండోస్ ముందు పబ్లిక్ గానే లెక్కేస్తుంది, మనం మార్చాలి. సొంతింటిని సత్రం అనుకుంటే, ఇంట్లోవాళ్ళకని ఇచ్చిన చీటీ చెల్లుతుందా? దాన్ని 'ప్రైవేట్' అని మార్చాం. అమ్మాయి మెట్లెక్కి పైకి పరిగెత్తింది. ఒక్క నిమిషంలో "వచ్చిందండీ!" అని పైనుంచి కేక.

మీ ఇంట్లో ఇదీ కాకపోతే ఇవి చూడండి.

పాత నిషేధం ఇంకా మిగిలి ఉండొచ్చు. ఫైర్‌వాల్‌లో 'వద్దు' అన్న రాత, 'సరే' అన్న రాత రెండూ ఉంటే 'వద్దు' దే గెలుపు. ఫైర్‌వాల్ 'అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్'లో 'ఇన్‌బౌండ్ రూల్స్' అనే పట్టీ ఉంటుంది. అందులో మీ ప్రోగ్రాం పేరు పక్కన ఎర్రటి అడ్డుగుర్తు ఉన్న వరసలు కనిపిస్తే, తరచు రెండుంటాయి, అవి మాత్రమే తీసెయ్యండి. ప్రోగ్రాం మళ్ళీ తెరిచినప్పుడు ఆ ప్రశ్న పెట్టె తిరిగి వస్తుంది. ఈసారి చదివి జవాబు చెప్పండి. మిగతా వరసల జోలికి పోవద్దు.

వేరే యాంటీవైరస్ కొని వేసుకుని ఉంటే దానికి సొంత ఫైర్‌వాల్ ఉండొచ్చు. అప్పుడు కాపలా దానిది, చీటీ అక్కడ రాయాలి.

రెండు కంప్యూటర్లూ ఒకే వైఫై మీద ఉన్నాయా? ఒకటి 'గెస్ట్' వైఫై మీద ఉంటే, రెండోదాన్ని చూడలేదు. చుట్టాల కోసం పెట్టే ఆ వైఫై ఉద్దేశమే అది.

ఇంకోటి ఫైర్‌వాల్ తప్పు కాకపోయినా అలాగే కనిపిస్తుంది. మీద ప్రోగ్రాంలో కింది కంప్యూటరుని 192.168 తో మొదలయ్యే నంబరుతో రాసి ఉంటే, కరెంటు పోయి వచ్చాక రౌటరు ఆ నంబరు మార్చి ఉండొచ్చు. కింది కంప్యూటరు నిద్రపోయినా అంతే. గోడ పగలగొట్టే ముందు ఇవి చూసుకోవాలి.

ఏ కారణమో తేల్చుకోడానికి మెకానిక్కు ఒక్క నిమిషం ఫైర్‌వాల్ ఆపి చూస్తే తప్పులేదు. కానీ తీసిన చేత్తోనే మళ్ళీ వెయ్యాలి. డబ్బిచ్చే ముందు ఆ మూడు వరసలూ 'ఆన్' అని ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. గ్యాసు మనిషి వెళ్ళాక రెగ్యులేటరు చూసుకోమూ, అలాగే.

మరో జాగ్రత్త. "మీ ఫైర్‌వాల్ గడువు అయిపోయింది, మేం చెప్పింది డౌన్‌లోడ్ చేసుకోండి" అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టెయ్యండి. విండోస్ ఫైర్‌వాల్ విండోస్‌తోనే వస్తుంది, దానికి వేరే గడువూ లేదు, వేరే డబ్బూ లేదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యండి. సైబర్ మోసాలకి దేశమంతటికీ అదే నంబరు. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

ఆ రాత్రి కొట్టు కట్టేశాక వాళ్ళ అబ్బాయి ఒక అట్టముక్క మీద "తెరమీద పెట్టె వస్తే చదవకుండా నొక్కవద్దు. మీద గదికి ఫోను చెయ్యండి" అని రాసి కౌంటరు దగ్గర తగిలించాడు. రిటర్ను 19వ తేదీనే వెళ్ళిపోయిందని మర్నాడు అమ్మాయి ఫోను చేసింది. "అత్తయ్యగారు ఏమన్నారే?" అని అడిగాను. "ఏమీ అన్లేదు పిన్నిగారూ. పొద్దున్న కాఫీ మాత్రం ఆవిడే కలిపి పైకి తెచ్చి ఇచ్చారు" అంది. ఇంకేం కావాలి!

ఒక్క చూపులో

• ఫైర్‌వాల్ మొత్తం ఆపెయ్యకండి. కావలసిన ఒక్క ప్రోగ్రాముకే అనుమతి ఇవ్వండి.

• అడ్డు వెతకాల్సింది పుస్తకం ఉన్న కంప్యూటర్లో.

• టిక్కు 'ప్రైవేట్' గడిలోనే. ఇంటి వైఫై కూడా 'ప్రైవేట్' అయి ఉండాలి.

• ప్రోగ్రాం కొత్తది వేసి మొదటిసారి తెరిచినప్పుడు ప్రశ్న పెట్టె రావచ్చని ముందే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

• ఏ పెట్టె వచ్చిందో, ఏం నొక్కారో తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పాలలెక్క పక్కనే రాసుకున్నా చాలు.